నడిమింటి కంబం

మధ్యాహ్నం మూడు దాటింది. సన్నగా ముసురు పడుతోంది.

రంగదాసయ్య సామి అప్పుడే మగ్గం గుంతలోంచి లేచి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మా పేటలో ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్లం పదిహేను మందిమి ఉంటాం. ఎవరు ఏమడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పరు. ముందు ఒక పని చేతికిస్తారు. దారం చిక్కు తీయమంటారు, తొట్టికి నీళ్లు తోడమంటారు. పని అయ్యేసరికి అడిగిన ప్రశ్న మరిచిపోయి ఇంటికి పోయినవాళ్లు ఉన్నారు. జవాబు దొరికి పోయినవాళ్లూ ఉన్నారు.

ఆ రోజు అడిగింది నేను.

"సామీ, బిడ్డ మంచి కోరి చేసిన పని చెడ్డ ఎట్లయింది? తప్పు యాడ జరిగింది?"

సామి కళ్లద్దాలు తీసి పంచెకు తుడుచుకున్నారు. "జరిగింది చెప్పు సుంకమ్మా. నీకు నచ్చినట్టు గాదు, జరిగినట్టు" అన్నారు.

చెప్పాను. ఇక్కడా అట్లాగే చెబుతాను.

నాకు ఒక్కతే కూతురు, పుష్పలత. అల్లుడు చెన్నకేశవ కరెంటాఫీసులో లైన్‌మన్. పెళ్లయిన రెండేళ్లకు పాతపేటలో ఒక మన్ను మిద్దె కొనుక్కున్నారు. వాళ్ల మొదటి ఇల్లు. సిమెంటు ఇంట్లో ఎండాకాలం ఉడికిపోతాం, మిద్దె అయితే చల్లగా ఉంటుందని ఇద్దరిదీ ఒకే మాట. ఆదివారం వస్తే చాలు, పాత గుడ్డలు కట్టుకొని ఇద్దరూ పనిలో దిగేవాళ్లు. గోడలకు అల్లుడు సున్నం కొట్టాడు. కిటికీలకు పుష్ప నీలిరంగు వేసింది.

"కిటికీలకు కాటుక పెట్టినావా, రంగేసినావా?" అని అల్లుడు ఎగతాళి చేస్తే, "నువ్వు కొట్టిన సున్నం గోడ మీద కంటే నీ నెత్తి మీదే ఎక్కువుంది, పో" అనింది. నేను గడపలో నిలబడి నవ్వాను. ఆ ఇంట్లో నేను నవ్విన రోజు అదొక్కటే గుర్తు.

ఇల్లు చేరిన రోజు నడిమింటి కంబానికి పసుపు రాసి కుంకుమ పెట్టాను. పైన దూలం, దూలం కింద ఆ వేప కంబం. మిద్దె బరువంతా దాని నెత్తినే. వాళ్లకని ఇష్టపడి ఒక టేకు మంచం కూడా చేయించి పంపాను. పెద్ద మంచం.

అంతటితో ఊరుకోలేదు. పోయినప్పుడల్లా ఒక మాట చెప్పాను. పొయ్యి ఆ మూల వద్దన్నాను. నీళ్ల డ్రమ్ము ఇటు జరపమన్నాను. పుష్ప మొదట్లో "సరే మా" అనేది. తర్వాత "చూస్తాంలే మా" అనేది. ఆ తర్వాత నేను పోతే ఏమీ అనకుండా మిషను కుట్టుకునేది. అది నాకు అర్థం కాలేదు. కాదు, అర్థమైంది. ఒప్పుకోలేదు.

మొదటి వానకు మిద్దె కారింది. ఎవరివో కుట్టడానికి తెచ్చుకున్న గుడ్డలు తడిసిపోయాయని పుష్ప ఫోన్‌లో చెప్పింది. "ఏం చేస్తారు మళ్లా?" అన్నాను. "ఏదో ఒకటి చేస్తాంలే మా. నువ్వు పెట్టుకోవాకు" అనింది.

మా దిక్కు వానలకు ముందు మిద్దెల మీద చౌడు మన్ను పరుస్తారు. చౌడు నీళ్లను కిందికి దిగనియ్యదు. అయితే కొత్తది వేసే ముందు పాతది గోకి దించాలి. దించకుండా ఏటికేడు వేసుకుంటూ పోతే బరువు పెరుగుతుంది. మా దిక్కు పుట్టినవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. నాకూ తెలుసు.

ఆ వారంలో అల్లుడి తరఫు పెళ్లి ఉంటే ఇద్దరూ ఒక్క దినం ఊరికి పోయారు. నేను మిద్దెపని దస్తగిరిని పిలిపించాను. వాళ్ల వీధి చివరే ఆయన ఇల్లు. పాతపేటలో ఆయన చెయ్యి పడని మిద్దె లేదు.

"వాళ్లొచ్చేలోగా చౌడు పడిపోవాల దస్తగిరీ."

"ఒక దినంలో అయ్యేది గాదక్కా. పాతదే మూరెడు మందముంది. గోకి దించేకే రెండు దినాలు పడుతుంది."

"గోకొద్దు. పైన వేసెయ్."

"కింద దూలం, కంబం చూడకుండా ఎట్లేస్తా? తాళం ఇయ్యి, లోపలికి పోయి చూసొస్తా."

"తాళం వాళ్ల దగ్గరుంది. కంబానికేమి, ఏనుగు కాలు మాదిరుంది. నేనే కదా బొట్టు పెట్టింది."

దస్తగిరి నవ్వాడు. "బొట్టు పెడితే బరువు మోస్తుందా అక్కా?" అన్నాడు. అయినా బయటి మెట్ల మీదుగా ఎక్కాడు. ఎన్నో ఏళ్లుగా మా ఇంటి పని చేసినవాడు, నా మాట తీసెయ్యలేకపోయాడు. పొద్దు వాలేసరికి చౌడు పరిచి, దిమ్మిస కొట్టి, చదును చేసి దిగాడు.

పుష్పకు చెప్పలేదు. వాన పడి ఇల్లు కారనప్పుడు చెబుదామనుకున్నాను. చెప్పి, "చూసినావా?" అందామనుకున్నాను. ఆ ఒక్క మాట అనడం కోసం దాచాను.

నాకు తెలియనిది ఒకటుంది. అప్పటికి నాలుగు దినాల ముందే ఆ నడిమింట్లో కంబం లేదు. పుష్ప, అల్లుడు దాన్ని తీసేసి పెరటి గోడకు ఆనించి గోనెపట్టలు కప్పారు. దాని చోట ఒక ఇనుప జాకీ నిలబెట్టారు. సోమవారం గర్డరు వస్తుంది, దూలం కింద వేయించేస్తే సరిపోతుందనుకున్నారు. నాకు చెప్పలేదు.

గురువారం మధ్యాహ్నం పట్టిన వాన రాత్రంతా వదల్లేదు. చౌడు నీళ్లు తాగింది. శుక్రవారం పొద్దున అల్లుడు డ్యూటీకి పోయాడు. మిషను మీద మన్ను రాలుతుంటే పుష్ప వీధిలోకి పోయి దస్తగిరిని పిలుచుకొచ్చింది. ఆయన లోపలికి రెండడుగులు వేసి పైకి చూశాడు. తర్వాత కిందికి చూశాడు.

"కంబం యాడమ్మా?" అన్నాడంట.

పుష్ప నోరు తెరిచేలోగా దూలం కిర్రుమనింది. ఆయన పుష్పను పట్టి వాకిట్లోకి తోసేశాడు. తానూ దూకాడు. ఒక కాలు గడప ఇవతల పడింది. ఒక కాలు అవతలే, కూలిన మిద్దె కింద ఉండిపోయింది.

పద్దెనిమిది దినాలు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. మోకాలి కింద తీసేశారు.

పుష్ప, అల్లుడు అప్పటినుంచి నా ఇంట్లోనే ఉన్నారు. పుష్ప నాతో మాట్లాడదు. అన్నం పెడితే తింటుంది, గిన్నెలు కడిగి బోర్లిస్తుంది. కంబం ఎందుకు తీశారని నేను అడగలేదు. చౌడు ఎందుకు వేయించావని తను అడగలేదు. ఒక ఇంట్లో ముగ్గురం, చప్పుడు లేకుండా.

ఇంతే నేను సామికి చెప్పింది.

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నారు. నన్ను తిట్టలేదు. ఓదార్చలేదు.

"దస్తగిరి ఎప్పుడొస్తాడు?"

"ఈ పొద్దే సామీ. సాయంత్రం ఆటోలో తెస్తారంట."

"ఆయన గడప దగ్గర పట్టుకొని లేచేదానికి ఏమన్నా ఉందా?"

నేను ఆలోచించనే లేదు.

"ఆ కంబం ఏమయింది?"

"పెరట్లోనే ఉంది సామీ. దానికేం కాలేదు."

"లే. నీ బిడ్డను, అల్లుణ్ని రమ్మను" అని సామి గొడుగు అందుకున్నారు.

పాతపేటకు పోయాం. ఆ ఇంటి ముందర నీలి కిటికీ ఒకటి అట్లాగే నిలబడి ఉంది, వెనక ఇల్లు లేకుండా. నేను అటు చూడలేదు. సామి పెరట్లోకి పోయి గోనెపట్టలు తీయించారు. కంబం మీద నేను రాసిన పసుపు ఇంకా మిగిలి ఉంది.

అల్లుడు వంగబోయాడు. "నువ్వు గాదు నాయనా" అన్నారు సామి. "నువ్వు ముందర నడువు. గేదెలు అడ్డమొస్తే తోలు. ఇది వీళ్లిద్దరూ మోస్తారు."

"సామీ, బరువుంటుంది. ఆడోళ్లు..."

"ఆ సంగతి వాళ్లకు తెలుసులే."

నేను తల దిక్కు పోయాను. పుష్ప మొదలు దిక్కు పోయింది. ఇద్దరం వంగాం. నేను ఎత్తేశాను. పుష్ప ఎత్తలేదు. కంబం జారి నా పాదం పక్కన పడింది.

"ఆగు మా! నేనింకా పట్టుకోలే!"

పద్దెనిమిది దినాల తర్వాత నా బిడ్డ నాతో అన్న మొదటి మాట అది.

"పట్టుకున్నావా?" అన్నాను.

"ఆ."

"ఎత్తుదామా?"

"ఎత్తు."

లేచింది. సందు ఇరుకు. బురద. నేను వెనక్కి నడవాలి, నాకు దోవ కనపడదు. "ఎడమకు తిరుగు మా" అనింది. తిరిగాను. "మెల్లగా. గుంతుంది." మెల్లగా వేశాను. "చెయ్యి మార్చుకుంటా, ఉండు." ఉన్నాను. సామి గొడుగు పట్టుకొని వెనకే వస్తున్నారు. ముందర అల్లుడు నిజంగానే ఒక గేదెను తోలాడు.

కొళాయి దగ్గరికి వచ్చేసరికి నాకు ఊపిరాడలేదు. "దించుదామా?" అన్నాను. "దించుదాం. నా దిక్కు ముందు" అనింది. దించాం. ఇద్దరం దాని మీదే కూర్చున్నాం, తడిలోనే.

పుష్ప అరచేతులు చూసుకుంటూ అనింది. "మంచం పట్టలేదు మా."

"ఏ మంచం?"

"నువ్వు పంపిన మంచం. కంబం అడ్డమొచ్చింది. యా దిక్కు వేసినా పట్టలేదు. పట్టలేదని నీకు చెప్తే దాన్ని పంపించేసి ఇంకొకటి చేయిస్తావు. ఇష్టపడి చేయించినావు గదా అని కంబమే తీసినాం."

"ఒక్క మాట చెప్పకపోతివే తల్లీ" అన్నాను.

"చౌడు వేయించినానని నువ్వు చెప్పినావా?"

కొళాయి కారుతోంది. అల్లుడు పోయి దాన్ని బిగించాడు. బిగించినా కారుతూనే ఉంది.

"చెప్పలేదు" అన్నాను.

"నేనూ చెప్పలేదు" అనింది. ఏడవలేదు. కొంగుతో నా మోచేతికి అంటిన బురద తుడిచింది. తుడిచి, "ఎత్తుదామా?" అనింది.

దస్తగిరి వాకిట్లో ఆయన భార్య మస్తానమ్మ నిలబడి ఉంది. మమ్మల్ని చూసి చేతులు నడుముకు పెట్టుకుంది.

"కంబం తెచ్చినారా? మీ ఇల్లు కూల్చుకున్నది చాలక మా ఇల్లు గూడా కూలుస్తారా ఏంది?"

నేను తల దించుకున్నాను. అనాల్సిన మాటే అనింది. సామి ముందుకు వచ్చి, "గడప పక్కన పాతుతారమ్మా. మీ ఆయన పట్టుకొని లేచేదానికి" అన్నారు. మస్తానమ్మ కంబం వైపు చూసింది. నా వైపు చూడలేదు. లోపలికి పోయి గడ్డపార తెచ్చి అల్లుడి ముందర పడేసింది.

అల్లుడు గుంత తవ్వుతుండగా ఆటో వచ్చింది. ఇద్దరు పట్టుకొని దస్తగిరిని దించారు. సగానికి మడిచి కుట్టిన ప్యాంటు. నేను ముందుకు పోలేకపోయాను, వెనక్కీ పోలేకపోయాను.

ఆయనే పిలిచాడు. "ఏమక్కా, కొయ్యకాలు తెచ్చినావా? కొంచెం పొడుగైనట్టుందే."

ఎవరూ నవ్వలేదు. ఆయనే నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఆయన మొహం మీదే ఆగిపోయింది. కంబాన్ని పైనుంచి కింది దాకా చూశాడు. "యాడుండె ఇది?" అని మెల్లగా అడిగాడు. పెరట్లో అని పుష్ప చెప్పింది. గోనెపట్టల కింద అని చెప్పింది. ఆయన తల ఊపాడు. పైన పని చేసిన దినం ఆ గోనెపట్టలు ఆయన కంటికి ఆనే ఉంటాయి.

గుంతలోకి తొంగి చూసి, "చాలదు కేశవా. ఇంకో జానెడు తవ్వు. ఊరికే నిలబడితే చాలదు, బరువు పడితే గూడా నిలబడాల" అన్నాడు. అల్లుడు తవ్వాడు. కంబం నిలబెట్టి, చుట్టూ రాళ్లు పేర్చి, మన్ను పోసి కూరారు. దస్తగిరి ఒక చేత్తో దాన్ని పట్టుకున్నాడు. రెండో చేత్తోనూ పట్టుకున్నాడు. లేచాడు. ఆయన అరచేతికి పసుపు అంటింది.

నేను దగ్గరికి పోయి, "దస్తగిరీ, నువ్వు తాళం అడిగినావు. వాళ్లొచ్చేదాకా నేను ఆగలేదు" అన్నాను. పద్దెనిమిది దినాలుగా నోట్లో నానిన మాట.

"అడిగినా అక్కా" అన్నాడు. అంతే అన్నాడు. పర్వాలేదు అనలేదు.

ముసురు తగ్గింది. సామి గొడుగు మడిచి, నీళ్లు విదిలించారు. నేను ఆయన వైపు చూశాను. నా ప్రశ్న నేను మరిచిపోలేదని ఆయనకు తెలుసు.

"తోవ పొడుగునా అడుక్కుంటా వచ్చినారు" అన్నారు. "ఎత్తనా, దించనా, తిరగనా అని. మిద్దె కంటే ఈ కంబం బరువా సుంకమ్మా?"

జవాబు కోసం నిలబడలేదు. మగ్గం దిక్కు నడిచిపోయారు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. గడపలో నిలబడి, ఇంటికి క్షేమంగా వచ్చినవాళ్లను లెక్కపెట్టుకున్నాను. పుష్ప వచ్చింది. అల్లుడు వచ్చాడు. నేను వచ్చాను. దస్తగిరి కూడా వాళ్లింటికి వచ్చాడు. నలుగురం. క్షేమంగా అనుకొని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ముగ్గురి దగ్గరే ఆగిపోయింది.