మద్దిలేటి పట్టిన మౌనం

బేతంచెర్లలో బండల పాలిష్ షెడ్డు నడిపే మద్దిలేటికి అరవై దాటాయి. ఆ ఏడు గుండెకు ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చిన పది రోజులకు, అన్నం వడ్డిస్తూ భార్య లింగమ్మ మెల్లగా ఒక మాట అంది.

"వకీలు దగ్గరికి పోయి వీలునామా రాయిస్తే బాగుంటాది కదా?"

మద్దిలేటి కంచం పక్కకు జరిపి లేచాడు. ఆ సాయంత్రమే గురువు నారాయణమ్మ దగ్గరికి పోయాడు.

నారాయణమ్మ ఊరి చివర చిన్న మఠంలో ఉంటుంది. డెబ్బై అయిదేళ్ల మనిషి. మోదుగాకులతో విస్తర్లు కుడుతూ వచ్చినవాళ్ల మాటలు వింటుంది. తను మాట్లాడేది తక్కువ. మద్దిలేటి ఆమె దగ్గర ఉపదేశం తీసుకుని ఇరవై ఏళ్లయింది.

"నేను బతికుండగానే పంపకాలు మొదలుపెట్టినారమ్మా ఇంట్లో. నా పిల్లోళ్లు బంగారం. ఏది ఎవరికో ఎప్పుడో చెప్పినా. నా మాట చాలదా? మధ్యలో వకీలు ఎందుకు?"

"నీ మాట ఎక్కడుంది నాయనా?"

"ఎక్కడుంటాది? నా నోట్లోనే."

నారాయణమ్మ పుల్ల గుచ్చుతూ ఆగింది.

"అయితే రేపు పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా మౌనం పట్టు. సైగ చేయొద్దు, రాసి చూపొద్దు. పొద్దున్నే పిల్లోళ్లను కూచోబెట్టి, నాయన ఏది ఎవరికి ఇమ్మన్నాడో అడగమని లింగమ్మకు చెప్పు. నువ్వు విను. అంతే."

ఇదేం పెద్ద పని అనుకున్నాడు మద్దిలేటి. ఉత్సాహంగానే ఇంటికి పోయాడు.

అతనికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు రంగస్వామి తండ్రితో పాటు షెడ్డు చూసుకుంటాడు. చిన్నవాడు సుంకన్న బస్సు కండక్టరు. కూతురు నాగవేణి. అసలు ఆమె లింగమ్మ చెల్లెలి బిడ్డ. కాన్పులోనే తల్లి పోతే, పది రోజుల పిల్లను లింగమ్మ ఒడిలో పెట్టుకుని తెచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఆ పిల్లకు మద్దిలేటే నాయన.

మరునాడు పొద్దున వసారాలో అందరూ కూర్చున్నాక లింగమ్మ అడిగింది.

రంగస్వామి నవ్వాడు. "దాంట్లో ఏముందమ్మా. షెడ్డు నాకన్నాడు. మిషన్లు నేనే కదా చూసేది."

"షెడ్డా?" అన్నాడు సుంకన్న. "అది నాగవేణికి కదా. ఆపరేషన్ ముందు రోజు నా చెయ్యి పట్టుకుని చెప్పినాడు."

లింగమ్మ ఇద్దరినీ చూసింది. "నాతో ముగ్గురికీ సమానం అన్నాడే."

గోడకు ఆనుకుని కూర్చున్న మద్దిలేటి అన్నీ విన్నాడు. మూడు మాటలూ తనవే. పెద్దోడి కష్టం చూసి ఒకసారి, చావు భయంలో ఒకసారి, లింగమ్మ పక్కన తీరిగ్గా కూర్చున్నప్పుడు ఒకసారి.

"నేను అబద్ధం చెప్తానా అన్నా?" సుంకన్న గొంతు పెరిగింది.

"మరి నేను చెప్తానా?"

అన్నదమ్ములు ఎన్నడూ అట్లా మాట్లాడుకోలేదు. ఇద్దరూ ఒక్కసారే తండ్రి వైపు తిరిగారు. "నాయనా, నువ్వే చెప్పు."

మద్దిలేటి కళ్లు దించుకున్నాడు. పళ్లు బిగబట్టాడు. తను పోయాక కూడా వీళ్లు ఇట్లాగే అడుగుతారు, తను ఇట్లాగే పలకలేడు అనిపించింది.

ఎండ నడినెత్తికి వచ్చినా ఆ గొడవ తెగలేదు. నాగవేణి మజ్జిగ గ్లాసులు తెచ్చి అన్నల ముందు పెట్టింది.

"నాకేమీ వద్దులే అన్నా. మీరిద్దరూ కొట్లాడుకోవద్దండి. నేను ఈ ఇంట్లో పుట్టినదాన్ని కాదు కదా."

ఇరవై రెండేళ్లలో ఆ ఇంట్లో ఎవరి నోటా రాని మాట అది.

"ఎవరు చెప్పినారే నీకు ఆ మాట!"

మద్దిలేటి గొంతు వసారా దాటి వీధిలోకి వినపడింది. లేచి ఆ పిల్ల చేయి పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రంగస్వామి తల వంచుకున్నాడు. సుంకన్న వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే మద్దిలేటి అందరినీ తీసుకుని డోన్‌లో బషీరున్నీసా అనే వకీలు దగ్గరికి పోయాడు. ఆమె ఒక్కొక్కటే అడిగి రాసుకుంది.

"ఇల్లు మీరు కొన్నదా?"

"మా తాతలనాటిదమ్మా. పాలు పంచుకుంటే నాకు వచ్చింది. అది నాగవేణికి ఇస్తే ఎట్లుంటాదని మనసులో ఉంది."

"మొత్తం ఇవ్వడానికి మీకు లేదు పెద్దాయనా. అందులో మీ కొడుకులకు పుట్టుకతోనే హక్కుంది. మీ వంతు వరకే మీరు రాయగలరు. షెడ్డు?"

"అది నా రెక్కల కష్టం. రెండెకరాల చేను కూడా నేను కొన్నదే."

"ఆ రెండూ మీ ఇష్టం. నాగవేణిని దత్తత తీసుకున్నారా?"

"దత్తత ఎందుకమ్మా? మా బిడ్డే కదా."

బషీరున్నీసా పెన్ను కింద పెట్టింది. "మీకు తెలుసు. చట్టానికి తెలియదు. మీరు రాయకుండా పోతే ఆమె పేరు ఎక్కడా రాదు."

రంగస్వామి చెల్లెలి వైపు చూశాడు. "షెడ్డులో సగం చెల్లెలి పేరున రాయండి మేడమ్. నడిపేది నేనే. చేను తమ్మునికి."

"మీరు చెప్పండి," అంది ఆమె మద్దిలేటితో. "రాసేది మీ వీలునామా."

మద్దిలేటి పెద్దోడు అన్నట్టే చెప్పాడు. ఇంట్లో తన వంతు లింగమ్మకు అన్నాడు. వారం తర్వాత, ఆస్తితో సంబంధం లేని ఇద్దరు పొరుగువాళ్ల ముందు సంతకం చేశాడు. వాళ్లూ సాక్షులుగా సంతకాలు పెట్టారు. రిజిస్టరు చేయించుకుని బయటికొచ్చాక నాగవేణి అతని చేయి వదల్లేదు. బస్సు ఎక్కేదాకా పట్టుకునే నడిచింది.

అన్నీ అయినా గురువు దగ్గరికి పోవడానికి మద్దిలేటికి మొహం చెల్లలేదు. నాలుగు రోజులు తటపటాయించి, ఒక పొద్దున మఠానికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు ఒక్క రోజు పట్టమన్న మౌనం నిలుపుకోలేకపోయినా. మధ్యాహ్నానికే నోరు తెరిచినా."

నారాయణమ్మ తల ఎత్తి అతని ముఖంలోకి ఎంతో దయగా చూసింది.

"తెరవగలిగినావు కదా నాయనా," అంది.