కొత్వాలు గంపెక్కిన రోజు

కొండమీద కోట కడుతున్న రోజులవి. కింద ఓబులమ్మ బూర ఊదితే పైనున్న కూలీలు రాళ్లగంపను తాళ్లతో లాగేవారు, మళ్లీ ఊదితే ఆపేవారు.

"బూర సైన్యానిది. రాజముద్ర లేనివాళ్లు ఊదితే చెరసాలే," అన్నాడు కొత్తగా వచ్చిన కొత్వాలు. ఓబులమ్మ సరేనని, పైకి కబురు మోయడానికి ఒక మనిషిని పెట్టుకుంది.

మర్నాడు కోట చూడబోయిన కొత్వాలు మెట్లెక్కలేక గంపలో కూర్చున్నాడు. సగం దూరంలో గంప బండకు తట్టుకుని ఒరిగింది. అది కనబడని పైవాళ్లు లాగుతూనే ఉన్నారు.

"ఆపమనవే," అని కేకపెట్టాడు.

"మనిషిని పంపాను దొరా, మెట్లెక్కుతున్నాడు."

"బూర ఊదు తల్లీ."

"ముద్ర లేదు కదా దొరా."

కొత్వాలు తన రాజముద్ర ఉంగరాన్ని కిందికి విసిరాడు. ఓబులమ్మ దాన్ని వేలికి తొడుక్కుని ఊదింది. గంప ఆగి, సర్దుకుంది. మళ్లీ ఊదితే పైకి చేరింది.

ఉంగరం తిరిగిమ్మని అరవబోయాడు గానీ, దిగాల్సిందీ ఆ గంపలోనేనని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.