ఎర్రచీరలంక నిలుపులమ్మ

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఎగువన, పడవలో మాత్రమే చేరగలిగిన ఎర్రచీరలంకలో శ్రీ నిలుపులమ్మ అమ్మవారు కొలువై ఉన్నారు. ఆలయానికి గోపురం లేదు. మూరెడు ఎత్తు నల్లరాతి విగ్రహం, దాని ఎదుట ఒక చిన్న బావి. చుట్టూ ఉప్పునీరే అయినా ఈ బావి నీరు తియ్యగా ఉంటుంది.

పూర్వం ఇక్కడ ఇసుక, జమ్ము తప్ప మరేమీ ఉండేవి కావు. భర్త చనిపోయిన అచ్చాయమ్మ అనే అద్దకపు పనివారి ఆడపడుచు ఇద్దరు కూతుళ్ళతో ఈ లంకకు వచ్చి, చిరివేరుతో చీరలకు ఎరుపు అద్ది సంతలో అమ్మసాగింది. రంగు కంటికి ఇంపుగా పడేది. రెండు ఉతుకులకే వెలిసిపోయేది. కొన్నవారు చీరలను తిరిగి తెచ్చేవారు. ఆమె ఒక్కమాట ఎదురాడక తీసుకుని, దాచిపెట్టి, బదులు మరొకటి అద్ది ఇచ్చేది. రంగు పట్టడానికి వేసే కరక్కాయ పాళ్ళు మార్చింది. వేరు ఎండబెట్టే తీరు మార్చింది. అలా ఏడేళ్ళు గడిచాయి.

ఆమె అన్న కోటయ్య పడవ వేసుకుని వచ్చాడు. “ఇంక చాలమ్మా. పిల్లలను తీసుకుని మా ఇంటికి వచ్చెయ్యి” అని బతిమాలాడు.

“ఏం చేస్తే రంగు నిలవదో ఇప్పటికి చాలా తెలిసింది అన్నయ్యా. ఇప్పుడు మానేస్తే అదంతా ఎవరికి పనికొస్తుంది?” అన్నది ఆమె.

ఆ వేసవిలో చెలమలన్నీ ఎండిపోయాయి. తల్లీకూతుళ్ళు నీటి కోసం మూడు వారాలు ఇసుక తవ్వారు. అడుగున గవ్వల పొర, దాని కింద నల్లరాతి అమ్మవారు కనిపించారు. విగ్రహాన్ని పైకెత్తగానే తియ్యటి నీరు ఉబికింది. నేటి బావి అదే. సమర్పించడానికి మరేమీ లేక, అచ్చాయమ్మ ఆ నీటితోనే ఒక చీర అద్ది అమ్మవారికి కట్టింది.

అది ఆరకముందే ఉప్పెన వచ్చింది. కోటయ్య మళ్ళీ పడవ వేసుకుని వచ్చి తల్లీకూతుళ్ళను మెరకకు చేర్చాడు. తొమ్మిది రోజులు లంక నీటిలోనే ఉంది. తిరిగి వచ్చేసరికి గుడిసె లేదు, రంగు కాగులు లేవు. తెల్లబారిన ఇసుక నడుమ అమ్మవారు ఒక్కరే, అప్పుడే అద్దినంత ఎర్రటి చీరలో కూర్చుని ఉన్నారు. కోటయ్య చీర కొంగును నీటిలో ముంచి పిండాడు. నీరు తేటగానే జారింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ ఇసుకలోనే సాష్టాంగపడ్డారు.

ఆ మధ్యాహ్నం అలసి కునుకు తీసిన అచ్చాయమ్మకు అమ్మవారు కలలో కనిపించి, “ఏడేళ్ళూ నీ కాళ్ళ కిందే ఉన్నాను. నిన్ను నమ్మి కొన్నవారికి ముందు ఇచ్చి, తర్వాత అమ్ముకో” అని ఆనతిచ్చారు. ఆమె ఆ నీటితో కొత్త చీరలు అద్ది, నష్టపోయిన ప్రతి ఇంటికీ నడిచి వెళ్ళి ఇచ్చింది. మరుసటి ఏడు ఓడ వర్తకులే వెతుక్కుంటూ లంకకు వచ్చారు.

నేటికీ వ్యాపారం పెట్టేవారు ప్రారంభానికి ముందు ఇక్కడికి రారు. మొదటి గడ్డు ఏడు గడిచాక, చెడిపోయిన తమ సరుకు తెస్తారు. పగిలిన కుండ, వంకరగా కుట్టిన రవిక, మాడిన మిఠాయి, ఏదైనా సరే. అచ్చాయమ్మ వంశపు ఆడపడుచు దానిపై బావినీరు చల్లి, “రేపు కొట్టు తెరుస్తావా?” అని అడుగుతుంది. తెరుస్తానన్నవారి దోసిట్లో తీర్థం పోస్తుంది.