చుక్కన్న లేని కాడి

అనగనగా అంటే ఊఁ కొట్టాలి పిల్లలూ! ఎద్దులు మాట్లాడే కాలంలో గుట్టపాడు రాజ్యంలో ఏటేటా బండలాగుడు పందెం జరిగేది. డప్పులు మోగేవి, దుమ్ము లేచేది, రాజుగారు సైతం గద్దె మీద కూర్చోలేక లేచి నిలబడేవారు!

ఓబులయ్య అనే రైతుకు కర్రెన్న, చుక్కన్న అనే ఎద్దుల జత ఉండేది. ఏటా గెలుపు వాళ్లదే. ఆ వానాకాలం చుక్కన్న జబ్బుచేసి చనిపోయాడు. అతని చోట పుల్లన్న అనే కొత్త గిత్తను కట్టారు. ఇక చూడండి, సాధనకు బండ కట్టి తోలితే కర్రెన్నకు అడుగు పడదు. మేత ముట్టడు, కునుకు తీయడు.

"దిష్టి తగిలింది," అని ఓబులయ్య ఎర్రనీళ్లతో దిష్టి తీశాడు. బండ కదల్లేదు.

"బలం చాల్లేదు," అని ఉలవలు ఉడికించి పెట్టాడు. ఉలవలూ తరగలేదు, బండా కదల్లేదు.

తెల్లారితే పందెం. "ఇక వాతే మందు. దానికీ లొంగకపోతే సంతకు తోలేస్తా," అని ఇనుప కడ్డీ కాల్చబోయాడు.

పుల్లన్న కర్రెన్న పక్కకు జరిగాడు. "కర్రెన్నా, ఏమైందో చెప్పరాదా?"

"నాకేం, నిక్షేపంగా ఉన్నా."

పుల్లన్న వదిలే రకమా? "సరే, చుక్కన్న ఎట్లుండేవాడో చెప్పు. నేను చూడలేదు కదా."

కర్రెన్న మేత తొట్టి వైపు చూశాడు. "తెలగపిండిలో చివరి ముద్ద నాకే వదిలేవాడు. పక్కకు చూస్తే వాడుంటాడనిపిస్తుంది. ఉండడు. అడుగు పడదు," అని బావురుమన్నాడు.

కడ్డీతో వచ్చిన ఓబులయ్య అంతా విన్నాడు. తలుచుకుంటే ఏడుపొస్తుందని ఆ ఇంట చుక్కన్న పేరే ఎత్తనివ్వలేదు తను. కడ్డీని నీళ్లతొట్టిలో పడేసి, కర్రెన్న మెడ పట్టుకొని తనూ ఏడ్చాడు.

"నాకూ వాడే గుర్తొస్తాడు రా."

ఆ సాయంత్రమంతా చుక్కన్న కబుర్లే. వాడు కంచె దూకి రాజుగారి చెరకు మేసిన కథకు కర్రెన్న పకపకా నవ్వాడు. ఉలవలు తిన్నాడు, హాయిగా నిద్రపోయాడు.

తెల్లారింది. డప్పులే డప్పులు! మొదటి పట్టుకు బండ కదల్లేదు. రెండో పట్టుకు కర్రెన్న కళ్లు చెమర్చాయి.

"గుర్తొచ్చాడా?" అన్నాడు పుల్లన్న.

"వచ్చాడు."

"రానీ. ముగ్గురం లాగుదాం."

మూడో పట్టుకు బండ గరగరా కదిలింది, గీత దాటింది, రాజుగారి గద్దె ముందుకెళ్లి ఆగింది!

పిల్లలూ, దుఃఖం అందరికీ వస్తుంది; దాచుకుంటే మనసే బండ అవుతుంది, తోటివాళ్లతో చెప్పుకుంటే ఆ మనసే బండను లాగుతుంది.