ఇనప గ్రహంలో నూట పన్నెండు మంది

మా నరహరి మాస్టారిని కష్టమైన ప్రశ్న ఏదైనా అడిగితే, ముందు కట్టుపట్టీల బుట్టని దగ్గరికి లాక్కుంటారు. ఉతికి ఆరేసిన పట్టీల్ని ఒక్కొక్కటే మోకాలి మీద పెట్టుకుని బిగువుగా చుడతారు. మామూలు ప్రశ్నకి ఒక పట్టీ, కాస్త చిక్కు ప్రశ్నకి రెండు. కాకినాడలో ఆయన నడిపే ఫిజియోథెరపీ కేంద్రంలో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. నాలుగో పట్టీ దాకా వెళ్ళిన ప్రశ్నని ఒక్కదాన్నే చూశాను.

అది అడిగింది ప్రసూన. మా దగ్గర చేరి ఇంకా ఏడాది కాలేదు. ఆమె చూస్తున్న రోగుల్లో తాతారావు అని ఒక బస్సు కండక్టరు ఉన్నాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. వేళ్ళు ఎప్పుడు ముడుచుకుంటాయండీ అని ఆరు వారాలుగా రోజూ పొద్దున్నే అడుగుతున్నాడు. ఇక ముడుచుకోవని ప్రసూనకి పదిరోజుల క్రితమే తెలిసిపోయింది. ఆ పదిరోజులూ ఆ పిల్లకి నిద్ర లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"చెప్పెయ్యమంటారా మాస్టారూ, దాచమంటారా?" అని అడిగింది.

నాకు ఆగడం చేతకాదు. ఇందులో అడగడానికేముంది, నిజం చెప్పడమే మన పని, దాచడానికి మనమెవరం అని మధ్యలో దూరాను. మాస్టారు నా వంక చూశారు. బుట్ట లాక్కున్నారు. మొదటి పట్టీ అయింది, రెండోదీ అయింది. మూడోది చుడుతుండగా ఆయన చూపు గది మూలకి పోయింది. అక్కడ ఒక పాత టీవీ, దాని నెత్తిన అరచెయ్యంత కెమెరా ఉంటాయి. ప్లగ్గు వైరు కత్తిరించి ఉంటుంది. ఆ చెత్తని ఎందుకు ఉంచారండీ అని నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఆ రోజు నాలుగో పట్టీ చుడుతూ ఆయన చెప్పింది ఇది.

నేను చేరకముందు మాట. ఉప్పాడ నుంచి వీరభద్రం అని ఒక నేతపనివాడు వచ్చాడు. నలభై ఆరేళ్ళ మనిషి. భార్య పేరు నూకరత్నం. ఉప్పాడలో జాందానీ చీర నెయ్యడానికి ఒక మనిషి చాలడు. ఇద్దరు ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని, బుటాలో సగం ఒకరు, సగం ఒకరు చేత్తోనే పోగులు దూర్చి అల్లుతారు. వీళ్ళిద్దరూ పాతికేళ్ళుగా అలా కూర్చున్నవాళ్ళు, ఎడమవైపు ఆయన, కుడివైపు ఆవిడ. ఆయన గొంతులో "ఊఁ" అనేవాడు. ఆ మాటకి నాలుగు చేతులూ ఒక్కసారే లేవాలి, ఒక్కసారే దిగాలి. ఒక చెయ్యి ముందు లేస్తే బుటా వంకరపోతుంది. పాతికేళ్ళలో ఒక్క బుటా కూడా వంకరపోలేదని ఆవిడ గొప్పగా చెప్పుకునేది. ఆయన మగ్గం మీదే పడిపోయాడు. అప్పుడు నేస్తున్న చీరలో మామిడిపిందె బుటా ఒకటి ఆవిడ వైపు సగం పూర్తయి, ఆయన వైపు సగం ఖాళీగా ఉండిపోయింది. మరిది కొడుకు వచ్చి కూర్చుంటానన్నా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ చోటు ఆయనది, ఆయనే వచ్చి కూర్చుంటాడు అంది. ఆయన పడిపోయిన దగ్గర్నుంచి ఆవిడకి అన్నం గొంతు దిగడం లేదు. ఎముకల గూడైపోయింది.

నాలుగు నెలల్లో కాలు వచ్చింది, మాట వచ్చింది. కుడి చెయ్యి రాలేదు. అప్పుడు మాస్టారికి ఆ టీవీ మీద ఆడే ఆట సంగతి తట్టింది. మేనల్లుడెవరో హైదరాబాదు నుంచి పంపిన పెట్టె అది. చేతిలో ఏమీ పట్టుకోనక్కర్లేదు, ఎదురుగా కూర్చుని కదిలితే చాలు, కెమెరా చూసుకుంటుంది. తెర మీద ఎర్రటి ఆకాశం, అందులో మూడు చందమామలు, కింద తుప్పురంగు నేల. ఆ ఆట పేరు ఎవరికీ నోరు తిరగక ఇనప గ్రహం అనేవాళ్ళట. ఇనప సైనికులు బారులు తీరి వస్తుంటారు. వాళ్ళ వెనక గాజు బోనుల్లో ఆ గ్రహం మనుషులు బిక్కుబిక్కుమంటూ ఉంటారు. మనం కుడి చెయ్యి ఎత్తితే తెర మీద వీరుడూ ఎత్తుతాడు. వాడి అరచేతిలోంచి తెల్లటి మెరుపు పోయి ఒక సైనికుడు మరమేకులుగా విడిపోతాడు. ఒక బోను తెరుచుకుని ఒక మనిషి బయటికి పరిగెడతాడు. చెయ్యి పదిసార్లు ఎత్తవయ్యా అంటే ఎత్తనివాడు, బోనులో మనిషి కోసం వందసార్లు ఎత్తాలని చూస్తాడు. అదే మాస్టారి ఆశ.

వీరభద్రం మొదటి రోజు ఆ వీరుణ్ణి ఎగాదిగా చూసి, ఆ చొక్కా గుడ్డ నేసినవాడెవడో పడుగు వదులుగా కట్టాడండీ అన్నాడట. అందరూ నవ్వారు. తర్వాత నవ్వడానికేమీ లేదు. పదిరోజుల పాటు ఒక్క బోనూ తెరుచుకోలేదు. ఆయన పళ్ళు బిగించి, మెడనరాలు ఉబ్బేలా ప్రయత్నించేవాడు. ఇనప సైనికులు వచ్చి వీరుణ్ణి తొక్కుకుంటూ పోయేవాళ్ళు.

పదకొండో రోజు ఆయన కుర్చీలో కుడి పక్కకి ఒరిగిపోతుంటే, ఆసరాకి ఉంటుందని మాస్టారు నూకరత్నాన్ని లోపలికి పిలిచారు. అప్పట్లో ఇంటివాళ్ళు బయట వరండాలోనే కూర్చోవాలి. ఆవిడ ఎక్కడ కూర్చోనని అడగలేదు. పీట లాక్కుని, భుజానికి భుజం తగిలేలా ఆయన కుడిపక్కన కూర్చుంది. ఆ రోజు మూడు బోనులు తెరుచుకున్నాయి.

మాస్టారు కుర్చీలోంచి లేచి అరిచారట, వచ్చిందయ్యా చెయ్యి అని. పక్క గదిలోని రోగులు కూడా చప్పట్లు కొట్టారు. మర్నాడు ఏడు బోనులు, ఆ మర్నాడు తొమ్మిది. ఆవిడ ఎవరు కనబడినా లెక్క చెప్పేది, మా ఆయన ఇప్పటికి ఇరవైమందిని విడిపించాడు, ముప్ఫైమందిని విడిపించాడు అని. ఆ గ్రహం మనుషులు బయటపడ్డాక ఎక్కడికి పోతారండీ, వాళ్ళకి తిండీ తిప్పలూ ఎవరు చూస్తారండీ అని మాస్టార్ని నిలేసి అడిగేది. మూడు పూటలా తినడం మొదలుపెట్టింది. మొహంలోకి నెత్తురు వచ్చింది.

ఇక్కడ మాస్టారు పట్టీ చుట్టడం ఆపారు. రోజూ పొద్దున్నే నేను అతని భుజం మీద వేళ్ళు ఉంచి, ఎత్తు అనేవాణ్ణి అన్నారు. వేళ్ళ కింద చీమ కదిలినంత కదలిక కూడా లేదు. చేతులకి తెలిసిన సంగతి అది, ముప్ఫైయేళ్ళ చేతులు. కానీ కండరం ఆలస్యంగా లేస్తుందిలే, యంత్రానికి అబద్ధమాడాల్సిన అవసరమేముంది అనుకున్నాను. అతన్ని మన దగ్గరికి పంపిన పెద్ద డాక్టరుగారికి ఫోను చేసి మరీ, చెయ్యి వచ్చిందని చెప్పాను. నాకు అది నిజం కావాలి, అంతే. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మా ఇద్దరి వంకా చూడలేదు.

పదహారో రోజు తెర మధ్యలో ఆగిపోయింది. వైరు వదులైందేమో చూద్దామని మాస్టారు టీవీ వెనక్కి వెళ్ళారు. సరిచేసి తలెత్తితే ఎదురుగా వాళ్ళిద్దరూ ఉన్నారు. అన్నాళ్ళూ అందరూ తెర వంకే చూశారు. వాళ్ళ వంక ఎవరూ చూడలేదు. వీరభద్రం కుడి చెయ్యి మోకాలి మీద తడిగుడ్డలా పడి ఉంది. ఆయన గొంతులో సన్నగా "ఊఁ" అంటున్నాడు. అన్న ప్రతిసారీ పక్కనున్న నూకరత్నం ఎడం చెయ్యి ఒళ్ళోంచి లేస్తోంది, దిగుతోంది. ఆవిడ కళ్ళు తెర మీదే ఉన్నాయి, తన చెయ్యి లేస్తున్న సంగతి ఆవిడకి తెలియదు. పాతికేళ్ళుగా ఆ మాటకి లేచిన చెయ్యి అది, లేస్తోంది. భుజాలు అంటుకుని కూర్చున్న ఇద్దర్నీ కెమెరా ఒక్క మనిషిగా తీసుకుంది.

వీరభద్రం మాత్రం తెర వంక చూడటం లేదు. తల కొద్దిగా వంచి ఆవిడ చెయ్యి వంకే చూస్తున్నాడు.

మాస్టారు ఆవిడని మందుల షాపుకి పంపి ఆయన ముందు కూర్చున్నారు. అడగక ముందే ఆయన చెప్పాడు.

"నా చెయ్యి నాకు తెలీదాండీ. మొదటిరోజు నుంచీ తెలుసు. మా ఇంటిది ఇప్పుడు అన్నం తింటందండీ, దానికి చెప్పకండి."

మాస్టారు చెప్పలేదు. చెప్పకపోవడమే దయ అనుకున్నారు. ఆట సాగింది. నూట పన్నెండో మనిషి బయటపడిన రోజు నూకరత్నం పసుపూ కుంకుమా తమలపాకులూ పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. శుక్రవారం మంచిరోజు, ఆయన్ని మగ్గం ఎక్కిస్తున్నాను, మీరు తప్పకుండా రావాలి బాబుగారూ అంది. మాస్టారు వీరభద్రం వంక చూశారు. ఆయన మాస్టారి వంక చూశాడు. ఆవిడ ఇద్దరి మొహాల వంకా చూసి ఆనందంగా నవ్వింది. అది బుధవారం. మధ్యలో గురువారం మొత్తం ఉంది. ఆ ఒక్కరోజు ఉప్పాడ వెళ్ళి చెప్పడానికి నాకు బస్సు లేకపోయిందా, నోరు లేకపోయిందా అన్నారు మాస్టారు.

శుక్రవారం వెళ్ళారు. మగ్గం తుడిచి పసుపు రాసి ఉంది. సగం బుటా చీర అలాగే ఉంది. ఇరుగూ పొరుగూ గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ ఆయన్ని నడిపించుకొచ్చి ఎడమవైపు కూర్చోబెట్టి, హారతి ఇచ్చి, తన చోట కూర్చుంది. ఆయన కుడి చేతిని తీసి పోగుల మీద పెట్టింది. కానివ్వండి అంది. ఆయన "ఊఁ" అన్నాడు. ఆవిడ రెండు చేతులూ లేచాయి, ఆయన ఎడం చెయ్యి లేచింది. కుడిది పోగుల మీదే ఉంది. ఇంకోసారి "ఊఁ" అన్నాడు. గుమ్మంలో ఎవరో ముక్కు చీదారు. మూడోసారి ఆయన గొంతు పలకలేదు, గాలే వచ్చింది. ఆ గాలికి కూడా ఆవిడ చేతులు లేచాయి.

ఈసారి ఆవిడ వాటిని దించలేదు. గాలిలో ఆగిన తన ఎడం చేతిని చాలాసేపు చూసుకుంది. తర్వాత మాస్టారి వైపు తిరిగింది.

"ఆ నూట పన్నెండు మందినీ విడిపించింది నేనేనాండీ?"

వీరభద్రమే అందుకుని, నాదేనే, నా చెయ్యే, ఇవాళ అలిసిపోయిందంతే అన్నాడు. పాతికేళ్ళ కాపురంలో ఆయన ఆవిడకి చెప్పిన అబద్ధం అదొక్కటేనేమో, అది కూడా ఆవిడ నమ్మలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత వాళ్ళు కేంద్రానికి రాలేదు. రెండు నెలలు ఆగి మాస్టారే వెళ్ళారు. చీర పోగులు కోసేసి, మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంట పూడ్చేశారు. నేర్చుకోవాలని మరిది కొడుకు బతిమాలినా ఆవిడ మళ్ళీ మగ్గం ఎక్కలేదు. భార్యాభర్తలిద్దరూ అరుగు మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు, ఎడమవైపు ఆయన, కుడివైపు ఆవిడ. మనిషి మళ్ళీ చిక్కిపోయింది. ఎడం చెయ్యి తొడ కింద అదిమిపెట్టుకుని కూర్చుంది. మాస్టారు ఉన్నంతసేపూ ఆ చేతిని కనబడనివ్వలేదు. మంచినీళ్ళు కూడా ఎడం చేతిని కొంగులో చుట్టుకుని కుడి చేత్తోనే తెచ్చి ఇచ్చి, వచ్చి మళ్ళీ అలాగే కూర్చుంది. ఆయన ఏదో మాటకి మామూలుగా "ఊఁ" అన్నాడు. ఆవిడ భుజం అదిరింది. అది చూశాక ఆయన ఇక ఊఁ కొట్టలేదు. తలూపి ఊరుకున్నాడు.

బయల్దేరబోతుంటే వీరభద్రం మాస్టార్ని అడిగాడట, ఆ బోనుల్లో ఇంకా ఎంతమంది మిగిలిపోయారండీ అని. మాస్టారికి తెలియదు. కేంద్రానికి వచ్చి ఆ టీవీ వైరు కత్తిరించారు. పెట్టెని మాత్రం పారెయ్యలేకపోయారు.

నాలుగో పట్టీ అయిపోయింది. నా నోరు ఊరుకోదు కదా. అయితే నేనన్నదే కదండీ, పదహారో రోజే చెప్పేసి ఉండాల్సింది అన్నాను.

"చెప్పేసుంటే ఆవిడ పదిహేడో రోజు అన్నం మానేసేదయ్యా," అన్నారు మాస్టారు, కోపం లేకుండా.

ప్రసూన కళ్ళు తుడుచుకుని, మరి తాతారావుకి ఏం చెప్పను అని మళ్ళీ అదే అడిగింది. మాస్టారు చుట్టిన పట్టీల్ని బుట్టలో సర్దారు. సర్దుతూనే, తాతారావు పక్కన రోజూ ఎవరు కూర్చుంటున్నారమ్మా అన్నారు.

ప్రసూన నోరు తెరిచింది. భార్యా, అక్కా, కూతురా, ఆమెకి గుర్తు రాలేదు. ఆరు వారాలుగా తాతారావు వేళ్ళ వంకే చూసింది పాపం. నా వంక చూసింది. నాకూ తెలియదు.

"ముందు వెళ్ళి చూసి రామ్మా," అన్నారు మాస్టారు. "ఆ మనిషి చేతులెక్కడ పెట్టుకుని కూర్చుందో కూడా చూడు."