ఏడంతస్తుల మంచె

తుమ్మలకోట రాజు చిత్రభానుడికి చింతలపాడు వెళ్ళి పనసపొట్టు కూరతో భోంచెయ్యాలని బుద్ధి పుట్టింది. "రేపు వస్తున్నాం" అని ముందురోజే కేక వేయించాడు. తీరా వెళ్తే ఊళ్ళో ఇళ్ళన్నిటికీ తాళాలు. జనమంతా పక్కూరి సంతకు పోయారు. మిగిలిన ఒక్క కుక్కా రాజుగారిని చూసి మొరిగి, తనూ సంత దారి పట్టింది.

ఖాళీ కడుపుతో తిరిగొచ్చిన రాజు అంకాలమ్మను పిలిపించాడు.

అంకాలమ్మ మంచెల అధికారిణి. ఆ రాజ్యంలో నలభై ఊళ్ళకూ తలో మంచె ఉండేది. ఒక ఊరి కేకరి మంచెక్కి అరిస్తే, పక్క ఊరి కేకరి విని అదే కేకను అవతలి ఊరికి అందించేవాడు. మంచె ఊరిది, కేకరి ఊరివాడు, కట్టుబాట్లూ ఊరివే. ఒక ఊళ్ళో అరిచే ముందు మూడుసార్లు దగ్గాలి. మరో ఊళ్ళో తలపాగా తియ్యాలి. అందరికీ కలిపి ఉన్న నియమం ఒక్కటే. మంచెక్కినవాడు తన కేక వేసుకోవడమే కాదు, పక్కవాడి కేకా మొయ్యాలి.

"నా కేక చింతలపాడు ఎందుకు చేరలేదు?" అన్నాడు రాజు.

"మధ్యలో ఇరుక్కుంది ప్రభూ. రత్నాకరంగారు మంచె కట్టినప్పటినుంచీ ఇదే గోల."

నూనె నుంచి నవ్వారు మంచాల దాకా రాజ్యమంతా అమ్మే వర్తకుడు రత్నాకరం. మూడు నెలల కింద కోట పక్కనే ఏడంతస్తుల మంచె కట్టించి, నూరుమంది కేకరులను ఎక్కించి, "మేమూ మీలో కలిశాం!" అని అరిపించాడు. ఇరవై ఊళ్ళు సంబరపడ్డాయి. మిగతా ఇరవై "రేపు మన కేకలన్నీ మింగేస్తాడు, అతని కేక మొయ్యం" అన్నాయి. అంతటితో ఆగక, "అతని కేక మోసే ఊళ్ళ కేకా మొయ్యం" అన్నాయి. "అయితే మీదీ మొయ్యం" అన్నాయి ఇవతలి ఇరవై.

"మొన్న పెళ్ళి ఎవరింట్లోనో చెప్పే కేక సగం దారిలో ఆగిపోయింది ప్రభూ," అంది అంకాలమ్మ. "పెళ్ళికొడుకు ఆ ఊరికీ, పెళ్ళికూతురు ఈ ఊరికీ బయల్దేరారు. దారిలో ఎదురుపడి, ఎవరో పెళ్ళివాళ్ళనుకుని నమస్కారాలు పెట్టుకుని ఎటువాళ్ళటు పోయారు."

సభలోనే ఉన్న రత్నాకరం లేచాడు. "ప్రభూ, నలభై మంచెలెందుకు, నలభై తగువులెందుకు? ఆ పుల్లల మంచెలు పీకించెయ్యండి. నాదొక్కటి చాలు. ఎవరేం చెప్పుకోవాలన్నా నా దగ్గరికే వస్తారు."

ఆకలిమీదున్న రాజుకు ఇది నచ్చింది.

"అంకాలమ్మా, రేపు మధ్యాహ్నం లోగా ఊళ్ళు కలిశాయా, సరే. లేదంటే మంచెలన్నీ పీకించి అంతా రత్నాకరానికే అప్పగిస్తాను."

అంకాలమ్మ రత్నాకరం వైపు తిరిగింది. "ఏమండీ, మీరు మాలో కలిసినట్టేనా?"

"అదేం ప్రశ్నమ్మా? మూడు నెలలుగా అరుస్తూనే ఉన్నాంగా!"

"అరవడం వింటున్నాం. మొయ్యడం?"

"ఎవరి కేకైనా మోస్తాం. ప్రభువుల ఎదుటే చెబుతున్నాను."

"అంతే చాలు," అని అంకాలమ్మ చీటీ రాసి, రౌతు చేత సరిహద్దులో ఉన్న గడ్డిపాడుకు, గానుగ నరసమ్మకు పంపింది.

మర్నాడు సభంతా మేడెక్కింది.

"గడ్డిపాడు కేక రెండో పొలిమేర దాటదు ప్రభూ," అన్నాడు రత్నాకరం తాంబూలం నములుతూ.

అతను నమలడం పూర్తికాలేదు. ఊరి తర్వాత ఊరు దాటుకుంటూ కేక వచ్చేసింది. కోట కేకరి మంచెక్కి గొంతెత్తాడు:

"గడ్డిపాడు గానుగ నరసమ్మ కేక! నా నువ్వుల నూనె రత్నాకరం నూనె ధరలో సగానికే! దీపం పెడితే పొగ రాదు, తలకి రాస్తే జుట్టు ఊడదు!"

రాజు నోరు తెరిచాడు. "పోట్లాడుకుంటున్న ఊళ్ళన్నీ దాటి ఎలా వచ్చిందిది?"

"రత్నాకరంగారంటే పడనివాళ్ళు ఆయన్ని ఉడికించడానికి మోశారు," అంది అంకాలమ్మ. "పడేవాళ్ళు చవక నూనె కోసం మోశారు. నలభై ఊళ్ళూ కలిశాయి ప్రభూ. ఇక మీ వంతండీ రత్నాకరంగారూ. మీ నూనె కొనేవాళ్ళంతా చెవులొగ్గి ఉన్నారు, మొయ్యండి."

ఏడంతస్తుల మంచె మీద చప్పుడు లేదు. రత్నాకరం నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"మహాప్రభూ, మావాళ్ళకి పొద్దుటినుంచీ గొంతులు పోయాయి."

"నూరుమందికీనా?"

"నూరుమందికీ ప్రభూ. గాలి మార్పు."

అంతలో మధ్యాహ్నం గంట మోగింది. కింద ఏం జరుగుతోందో తెలియని నూరుమందీ, రోజూ ఆ వేళకు అరిచేదే అరిచారు: "రత్నాకరం నూనె! రత్నాకరం నూనె!" కోట మీది పావురాలు మొత్తం లేచిపోయాయి.

రాజు అంకాలమ్మను చూశాడు. ఆవిడ తాపీగా అంది:

"వింత జబ్బు ప్రభూ. పక్కవాళ్ళ సరుకు దగ్గర పట్టుకుంటుంది, సొంత సరుకు దగ్గర వదిలేస్తుంది."

మేడంతా నవ్వులతో ఊగిపోయింది. మంత్రిగారైతే స్తంభం పట్టుకుని నవ్వారు.

"నలభై మంచెలూ ఉంటాయి. పక్క ఊరి కేక ఎవరూ ఆపకూడదు," అన్నాడు రాజు. "రత్నాకరం, నరసమ్మ కేక మోస్తావా, మంచె దించుకుంటావా? మీవాళ్ళకి గొంతులు లేవు కాబట్టి నువ్వే ఎక్కు."

రాజు మెడలోని ముత్యాల దండ తీసి అంకాలమ్మ చేతిలో పెట్టేసరికి, ఏడో అంతస్తు నుంచి రత్నాకరం గొంతు సన్నగా వినిపించింది. "నరసమ్మ నువ్వుల నూనె... సగం ధర..."

"వినబళ్ళేదు! ఇంకాస్త గట్టిగా!" అని రాజే కేక వేశాడు.