ఏడో గుండిగ

దానియేలు మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ పని చేసి తిరిగొచ్చేసరికి అడిగినవాడు ప్రశ్నయినా మరిచిపోతాడు, జవాబయినా అక్కర్లేదంటాడు. సహకార శాఖలో ఆడిటరుగా చేసి, ఏ సంఘంలోనూ కప్పు టీ కూడా తాగకుండా రిటైరైన మనిషి ఆయన. అలాంటి మనిషి వెళ్ళిపోతున్నాడని శాఖవాళ్ళు వీడ్కోలు సభ ఎంతో ఉత్సాహంగా చేశారట.

మా మిల్లు హమాలీల సంఘానికి లెక్కలు నేర్పింది ఆయనే. నేను ఆ సంఘానికి చాలాకాలం అధ్యక్షుణ్ణి. వీపు మీద బస్తాలు మోసి, సమ్మెలు చేసి, లాఠీలు తిని కట్టుకున్న సంఘం. అంతకుముందు మిల్లు గుమస్తాలు పుస్తకంలో ‘తరుగు’ అని ఒక్క ముక్క రాసి మా కూలి కోసేసేవారు. ఏ బియ్యం తరిగింది, ఎవరు చూశారు అని అడిగితే, “లెక్కల్లో అలాగే రాస్తారయ్యా, నీకు తెలీదు” అనేవారు. అందుకే లెక్కల పుస్తకంలో మెత్తటి మాట కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాస్టారు మా పాత కంప్యూటర్లో పెట్టిన లెక్కల ప్రోగ్రాముకి బొమ్మలుండవు, బటన్లుండవు, మౌసుతో పనే లేదు. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. ఊరికే వచ్చింది, అందుకని కమిటీకి తెగ నచ్చింది. అందులో ఏది రాసినా రెండు వరసలు రాయాలి. ఎక్కడికి వచ్చిందో ఒక వరస, ఎక్కణ్ణించి వచ్చిందో ఇంకో వరస. డబ్బయినా, గోనె సంచులయినా, గరిటెలయినా దానికి ఒకటే. సరిచూడమని టైపు చేస్తే, తప్పుంటే గోల చేస్తుంది. తప్పు లేకపోతే ఏమీ అనదు, ఊరికే మిణుకుమిణుకుమంటూ కూర్చుంటుంది. మావాళ్ళు దానికి ‘మూగ పలక’ అని పేరు పెట్టారు.

ఆ పలక ముందు కూర్చునే గుమస్తా తాతారావు. పాతికేళ్ళ కుర్రాడు, బి.కాం. చదివాడు, పేరొక్కటే పెద్దది. సెల్‌ఫోన్ల షాపులో పని మానుకుని మా దగ్గర తాత్కాలికంగా చేరాడు. మార్చి ఆఖరి లెక్కలు సర్వసభ్య సమావేశంలో ఆమోదం పొందితే ఉద్యోగం ఖాయం. పొందకపోతే మళ్ళీ ఆ షాపుకే వెళ్ళి, యజమాని వెకిలి నవ్వు భరించాలి. మాస్టారి సంతకం లేని లెక్కలు సమావేశంలో పెట్టకూడదని మా నియమం. సమావేశం ఆదివారం.

డబ్బు లెక్క మొదటిసారికే సరిపోయింది. చిక్కంతా వంటసామాను దగ్గర వచ్చింది. సభ్యుల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకీ దినాలకీ అద్దె లేకుండా ఇవ్వడానికి సంఘం గుండిగలూ, డేగిసాలూ, బల్లలూ కొని ఒక గదిలో పెట్టింది. ఆ గది మంగాయమ్మ చూసుకుంటుంది. ఏడాదికోసారి ప్రతి మూతా తీసి లెక్కపెడతాం. పలక ప్రకారం గుండిగలు ఆరు. గదిలో ఏడు ఉన్నాయి. నెలల తరబడి ఎవరూ అడగని అన్నిటికన్నా పెద్దదాని మూత తీస్తే, దాని కడుపులో ఇంకోటి హాయిగా కూర్చుని ఉంది.

తగ్గి ఉంటే కమిటీ మంగాయమ్మ మీద పడేది. పెరిగిందనేసరికి అందరి మొహాలూ వెలిగిపోయాయి. “సంఘానికి కలిసొచ్చే కాలం” అన్నాడు కోశాధికారి వెంకటస్వామి. “అంచు మీద మన పేరు కొట్టించేద్దాం, ఆలస్యం దేనికి?”

తాతారావు అంతకన్నా హుషారుగా ఉన్నాడు. ఆ ప్రోగ్రాములో ఒక సౌకర్యం ఉంది. ఫలానా తేదీకి సరుకు ఇంత ఉండాలి అని రాసి, తేడా ఏ ఖాతాలోంచి తేవాలో చెబితే, మిగిలినది అదే పూడ్చేసుకుంటుంది. తాతారావు గుండిగలు ఏడు అని రాశాడు, తేడా ‘సర్దుబాటు’ ఖాతా నుంచి అని రాశాడు, సరిచూడమని కొట్టాడు. పలక కిక్కురుమనలేదు. ఆ ఏడాది మిగిలింది వచ్చే ఏడాది మొదటి వరసలో ప్రారంభ నిల్వగా ఎక్కుతుంది. తప్పయినా సరే, ఒకసారి ఎక్కిందంటే ఇక అదే నిజం, దాని మీదే పై లెక్కలన్నీ లేస్తాయి.

మాస్టారు వచ్చి చూశారు. ఆ వరస దగ్గర ఆగారు. తాతారావు ఆ ఆగడం గమనించి తనే అందుకున్నాడు.

“మాస్టారూ, తగ్గితే తప్పుగానీ పెరిగితే తప్పేముందండీ? ఒక్క సర్దుబాటు వరసతో లెక్క సరిపోతోంది. ఇందులో నష్టపోయింది ఎవరు?”

“ఈ ఏడోది ఎక్కణ్ణించి వచ్చిందన్నావు?”

“సర్దుబాటు నుంచండి.”

“మంచిది. ఆయనకి పట్టుకెళ్ళి ఇచ్చేసి, ముట్టినట్టు సంతకం పెట్టించుకు రా.”

“ఆయనెవరండీ? అది ఖాతా!”

మాస్టారు అప్పటికే కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఆయన కళ్ళజోడు తీశారంటే మాట అయిపోయినట్టు. తాతారావు నావంక చూశాడు. నేను మంగాయమ్మ వంక చూశాను. మంగాయమ్మ గుండిగ ఎత్తి తాతారావు నెత్తిన బోర్లించింది.

“సూరన్నా, నువ్వు కూడా వెళ్ళు” అన్నారు మాస్టారు నాతో. “గుండిగ సంఘానిది కాదు గానీ, కుర్రాడు సంఘం వాడేగా.”

అలా మట్టమధ్యాహ్నం మెయిన్ రోడ్డు మీద బి.కాం. చదివిన గుండిగ ఒకటి ముందు నడుస్తుంటే నేను వెనకాల నడిచాను. టీ కొట్టు దగ్గర భీమేశ్వరుడు ఆపాడు.

“ఏం తాతారావూ, ఎవరింట్లో భోజనాలు?”

“భోజనాల్లేవు. సర్దుబాటుకి ఇవ్వాలి” అంది గుండిగ లోపల్నించి గొంతు.

“సర్దుబాటు వారా? వాళ్ళు భీమవరం వైపు వాళ్ళు కదూ? ఇక్కడెవరూ లేరే!”

నాకు నవ్వాగలేదు. తాతారావు ఆగకుండా పోయాడు. పాత ఇనుప సామాన్ల కొట్టు రహమాను ఎదురొచ్చి, గుండిగ మీద వేళ్ళతో కొట్టి చూశాడు.

“బాబూ, ఇలాంటివి పొద్దుగూకాక తెస్తారు. నువ్వు పట్టపగలే తెచ్చావు, గుండె గట్టిదే. ఎంతకిస్తావు?”

“అమ్మడానికి కాదయ్యా! ఎవరిదో కనుక్కోవాలి.”

రహమాను మొహంలో హాస్యం పోయింది. “అయితే ముందు రైలు గేటు అవతలికి వెళ్ళండి. పోయినేడు వంటల దుర్గమ్మ గుండిగ పోయిందని నా కొట్టు ముందు కూడా నిలబడి దుమ్మెత్తి పోసింది.”

ఆ మాటతో తాతారావు నడక మందగించింది. గుండిగ దించి గట్టు మీద పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు.

“సూరన్న గారూ, ఆవిడ అప్పుడు మన ఆఫీసుక్కూడా వచ్చిందండీ. మన సభ్యుడు బంగారయ్య గారి మనవరాలి పుట్టినరోజు భోజనాలకి మన సామానూ ఆవిడ గుండిగా కలిపి వాడారట, పొరపాటున మనతో వచ్చిందేమో చూడమంది. నేను పలకలో చూశాను. ఆరు వెళ్ళాయి, ఆరు వచ్చాయి. సరిచూడమంటే అది ఏమీ అనలేదు. లేదని చెప్పి పంపేశాను.”

“గదిలోకి వెళ్ళి చూశావా?”

“పలక ఏమీ అనలేదు కదండీ!”

వాడి చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. గుండిగ మళ్ళీ నెత్తికెత్తి నడవమన్నాను.

దుర్గమ్మ గుమ్మంలో కూర్చుని వంకాయలు తరుగుతోంది. గుండిగను చూడగానే కత్తిపీట పక్కకి నెట్టి వచ్చి, దాన్ని తిరగేసి, అడుగున చిల్లుకి వేయించిన మాటు మీద అరచేయి ఆనించింది. పోయిన బిడ్డ దొరికినట్టు దాన్ని ఒడిలోకి లాక్కుంది. తరవాత తల ఎత్తింది.

“అబ్బాయ్, ‘కంప్యూటర్లో చూశాం, మా లెక్క సరిగ్గా ఉంది’ అన్నది నువ్వే కదూ?”

“అవును పిన్నీ. అది ఏమీ అనలేదు మరి.”

“అది అనకపోతే నువ్వు లేచి వెళ్ళి ఒక్క మూత తీసి చూడొద్దూ? దానికి కాళ్ళు లేవు సరే, నీకేమొచ్చింది?”

ఇంకా తిడుతుందనుకున్నాం. కానీ ఆవిడ గుండిగని ఒడిలోంచి దించింది. ఎదురింటి వంక చూసింది. ఆ ఇల్లు రత్నానిది. దుర్గమ్మా రత్నమూ కలిసి వండిన వంట మా పేటలో తినని వాడు లేడు. పులిహోర దుర్గమ్మ కలిపితే పప్పు రత్నం దించేది. ఆ పుట్టినరోజు నాడు అంట్లు తోమడానికి ఆఖర్న ఆగింది రత్నమే. సంఘంవాళ్ళు మా దగ్గర లేదన్నాక దుర్గమ్మ ఇంకేం ఆలోచించలేదు. వీధి కుళాయి దగ్గర, బిందెల వరసంతా వింటుండగా, రత్నాన్ని దొంగ అంది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. వేరువేరుగా వండుతున్నారు. దుర్గమ్మ పప్పూ బాగుండదు, రత్నం పులిహోరా బాగుండదు. పేట మొత్తం ఆ నష్టం నోటితోనే అనుభవిస్తోంది.

“నువ్వెళ్ళి చెప్పు” అంది దుర్గమ్మ తాతారావుతో, చిన్న గొంతుతో.

చెప్పక్కర్లేకపోయింది. రత్నం చేట పట్టుకుని తన గుమ్మంలోనే నిలబడి అంతా చూస్తోంది.

“గుండిగ దొరికిందన్నమాట. సంతోషం. కుళాయి దగ్గర అందరిలో నన్ను అన్న మాట ఉంది కదా, అది నాకు ఎవరు పట్టుకొచ్చి ఇస్తారు బాబూ? దానికి ఎవరి చేత సంతకం పెట్టించుకుంటారు?” అని తలుపు వేసుకుంది.

దుర్గమ్మ వేలిముద్ర వేసిన కాగితం పట్టుకుని ఆఫీసుకొచ్చాం. తాతారావు సర్దుబాటు వరస కొట్టేసి, దుర్గమ్మ పేరుతో వచ్చినట్టు ఒకటి, తిరిగిచ్చినట్టు ఒకటి రాశాడు. గుండిగలు ఆరయ్యాయి. పలక ఏమీ అనలేదు. తాతారావు సంతకం కోసం కలం అందించి, రత్నం అన్న మాట కూడా దాచకుండా మాస్టారికి చెప్పాడు.

మాస్టారు కూడా ఏమీ అనలేదు. కలం పుచ్చుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

తాతారావు చాలాసేపు ఆయన్నీ, పలకనీ మార్చి మార్చి చూశాడు. ఇన్నాళ్ళూ ఎవరు ఊరుకున్నా ఒప్పుకున్నట్టే అనుకున్న కుర్రాడు వాడు. ఆ సాయంత్రం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని మంగాయమ్మ చెప్పింది.

శనివారం పొద్దున్న కుళాయి వచ్చే వేళకి తాతారావు రైలు గేటు అవతల వీధిలో ఉన్నాడు. బిందెల వరస ముందుకెళ్ళి నిలబడ్డాడు.

“అమ్మలారా, అక్కలారా! దుర్గమ్మ గారి గుండిగ మా సంఘం గదిలోనే ఉంది. చూడకుండా లేదని చెప్పింది నేను. రత్నం గారు తియ్యలేదు!”

“సరేగానీ అడ్డు తప్పుకో నాయనా, నీళ్ళు పోతాయి” అంది ముందున్న ఆవిడ.

వాడు తప్పుకోలేదు. మళ్ళీ మొదట్నించీ చెప్పాడు. ఈసారి వరసలో వెనకనించి దుర్గమ్మ గొంతు వినిపించింది. “కుర్రాణ్ణి ఎందుకు కసురుతారు? నోరు పారేసుకున్నది నేను. తప్పు నాది.” రత్నం తన బిందె నింపుకుంది, చంకనెత్తుకుంది, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది.

సమావేశం భోజనాలకి వండమని ఇద్దరినీ తాతారావే పిలిచాడు. వస్తారని మాకెవరికీ నమ్మకం లేదు. వెంకటస్వామి హోటల్లో బిర్యానీ పొట్లాలు కూడా చెప్పి ఉంచాడు. ఆదివారం తెల్లారేసరికి ఆఫీసు పక్క షెడ్డులో ఈ కొసన దుర్గమ్మ, ఆ కొసన రత్నం పొయ్యిలు వెలిగించుకుని ఉన్నారు. మాటల్లేవు. ఉల్లిపాయలు కావలసి వస్తే ఈ కొస నుంచి ఆ కొసకి మంగాయమ్మ చేత కబురు వెళుతోంది. మాస్టారు వస్తూ షెడ్డు ముందు కాస్సేపు ఆగారు. తరవాత లోపలికొచ్చి, అడక్కుండానే సంతకం పెట్టారు. సభ లెక్కల్ని ఆమోదించింది, తాతారావు ఉద్యోగం ఖాయమైంది. ఏడో గుండిగని ఎందుకు వదిలేశారని ఒకరిద్దరు గొణిగితే నేను లేచి నిలబడ్డాను. గొణుగుడు ఆగిపోయింది.

భోజనాల వేళ మాస్టారు మామూలుగా ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారియరు పట్టుకుని మా పంక్తిలోనే కూర్చున్నారు. మాటు వేసిన గుండిగలో దుర్గమ్మ పప్పు కలియబెడుతోంది. రత్నం అటుగా పోతూ ఆగింది. గరిటెతో కొంచెం అరచేతిలో వేసుకుని నాకి చూసింది. మేమంతా ముద్ద కలపడం ఆపేశాం. దుర్గమ్మ వంటకి ఎవరైనా వంక పెడితే గరిటె లేపే మనిషి.

“ఉప్పు చాల్లేదు” అంది రత్నం, గుండిగతో చెప్పినట్టు.

దుర్గమ్మ కిక్కురుమనకుండా గుప్పెడు ఉప్పు తీసి వేసింది.

తాతారావు ఆత్రంగా మాస్టారి వైపు వంగాడు. “మాస్టారూ, ఆవిడ ఇప్పుడు మాట్లాడినట్టా, తిట్టినట్టా? దీన్ని ఏమని రాసుకోవాలండీ?”

మాస్టారు క్యారియరు మూత తీస్తూ అన్నారు:

“ప్రారంభ నిల్వ అని రాసుకో.”